ముగ్గు పోసిన అంగళ్లు

మదనపల్లెలో మా వీధి చివర నిలబడితే టమాటా మార్కెట్టు గోల వినిపిస్తుంది. లారీలు, ట్రేలు దించే మోత, వేలం పాడేవాళ్ల గొంతులు. ఆ గోల వింటూ మేడ మీద అద్దె గదిలో, ఫ్యాను కింద కూర్చుని నేను ఇంకో మార్కెట్టు పని చేసేదాన్ని. అది గ్రీకు దేశంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న రేవు ఊళ్లో ఉంది. అందులో చివరి బేరం జరిగి వెయ్యేళ్లు ఎప్పుడో దాటిపోయాయి.

ఈ మాట ఎవరికి చెప్పినా వాళ్ల ముఖంలో రెండింట్లో ఒకటి కనిపించేది. పాపం అనే జాలి, లేకపోతే దీనికి జీతం ఎవరిస్తారనే అనుమానం. కింద ఇంటి ఓనరమ్మ మాత్రం తేల్చేసింది. “ఆయమ్మ కంప్యూటర్లో బొమ్మలేస్తాది” అని పక్కింటావిడకు చెబుతుంటే మెట్ల మీద నా చెవిన పడింది. కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే ఆమె తప్పేమీ చెప్పలేదు.

నేను చదివింది డ్రాఫ్టింగ్. చాలా ఏళ్లు ఒక ఇంజనీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీశాను. ఇటు సదుం నుంచి అటు గుర్రంకొండ దాకా ఎవరింట్లో వంటగది ఎటువైపో చెప్పగలిగేదాన్ని. ఆఫీసు మూతపడ్డాక ఇంటర్నెట్టులో వెతుక్కుంటే ఈ పని దొరికింది. అక్కడ పురావస్తు తవ్వకాల్లో మట్టి తీసేకొద్దీ గోడలు బయటపడతాయి. వాటిని పైనుంచి డ్రోనుతో ఫోటోలు తీసి పంపుతారు. ఆ ఫోటోల మీద ఒక్కో రాయి అంచు వెంబడి గీత గీస్తూ నేను ప్లాను తయారు చెయ్యాలి. పగిలిన రాయిని పగిలినట్టే, జరిగిన రాయిని జరిగినట్టే గియ్యాలి. ఇళ్ల ప్లాన్లలో ఇంకా లేని గోడలను గీసేదాన్ని, ఇక్కడ ఇప్పటికే పోయిన గోడలను గీస్తున్నాను, అంతే తేడా.

ఆ కట్టడం ఎలా ఉండేదో చెబుతాను. నడుమ పెద్ద వాకిలి, రాతిపలకలు పరిచినది. వాకిలి చుట్టూ నాలుగు వైపులా స్తంభాల వసారా. వసారా వెనక వరసగా చిన్న చిన్న గదులు, ఒక్కొక్కటి ఒక్కో అంగడి. వాకిలి మధ్యలో గుండ్రటి చిన్న మంటపం ఒకటి. అడుగున ఉన్న గోడలు గ్రీకులు కట్టుకున్నవి. వాటి మీద, కొన్నిచోట్ల వాటి రాళ్లనే పీకి, రోమన్లు తమ మార్కెట్టు కట్టారు. పాత గోడలకు నేను నీలం రంగు వేసేదాన్ని, కొత్తవాటికి ఎరుపు.

అంగళ్ల గడపల్లో పొడుగ్గా ఒక గాడి ఉండేది. అది చూడగానే నాకు పుంగనూరు పాత అంగడి వీధి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు షట్టర్లు లేవు, చెక్క పలకలు ఒక్కొక్కటే గాడిలోకి దించి అంగడి మూసేవాళ్లు. ఎంతో సంబరపడి ఆ సంగతి తవ్వకాలు నడిపే మేడంకు చెప్పాను. ఆమె నవ్వి, అవును, ఈ గాడుల గురించి మేం ఎప్పుడో రాసేశాం అంది. నా సంబరం మీద నీళ్లు పోసినట్టయింది. అయినా రెండు రోజులు ఆ గడపలను గీస్తూ మనసులో చెక్కలు దించుకుంటూ, తీసుకుంటూ కూర్చున్నాను.

ఆ మేడంతో వారానికోసారి వీడియోలో మాట్లాడేదాన్ని. నా వయసే. ఎండకు కమిలిన ముఖం, నెత్తిన టోపీ. ఈ గోడ అంచు సరిగా కనబడటం లేదు, ఇంకో ఫోటో పంపండి లాంటి మాటలే ఎక్కువ. పని మాటలు అయిపోయాక ఆమె సెలవు తీసుకునేది. నాకు ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించేది. అమ్మ పోయాక ఇంట్లో నా గొంతు నాకు వినిపించేది ఆ వారానికోసారే. మిగతా రోజుల్లో పాలవాడితో ఒక మాట, కూరగాయలామెతో ఒక మాట. పెళ్లి చేసుకోలేదు నేను. కుదరక కాదు, చేసుకోలేదు. దానికి ఎప్పుడూ బాధపడలేదు. సంగటి కెలికి, ముద్ద చేసి, పళ్లెంలో ఒక్క ముద్దే పెట్టుకున్నప్పుడు మాత్రం చాలా బాధేసేది.

ఒంటరిగా ఉండేవాళ్లు గోడలతో మాట్లాడతారని నవ్వుతారు కదా. నేను సరిగ్గా అదే చేశాను. ఆ అంగళ్లలో ఏ గదిలో ఎవరు కూర్చునేవారో నేనే కల్పించుకున్నాను. వసారా మూల గదిలో ఎముకలు దొరికాయి కాబట్టి అక్కడ మాంసం కొట్టేవాడు. దాని పక్కన చేపలామె, నోరు పెద్దది. ఎదురు వరసలో నూనె అమ్మే ముసలాయన, అప్పివ్వడు. గీస్తున్నంతసేపూ వాళ్లు పోట్లాడుకుంటూ ఉండేవాళ్లు. కంప్యూటర్ ఆపితే గదిలో ఫ్యాను చప్పుడు మిగిలేది.

ఒకరోజు మేడం చెప్పింది, ఇదే ఆఖరు విడత అని. తవ్వినదంతా ఎండకూ వానకూ పాడైపోతోంది, దాన్ని కాపాడే దారి ఒక్కటే, తిరిగి మట్టితో కప్పెయ్యడం. గోడల మీద బట్ట పరిచి, ఇసుక పోసి, పైన మట్టి కప్పుతారట. ఆ పద్ధతి ఉందని నాకు తెలుసు. అయినా నా మార్కెట్టుకు అలా జరుగుతుందని ఎందుకో అనుకోలేదు.

“కప్పేలోపు ఒకసారి వచ్చి చూడు. ఇన్నేళ్లు గీశావు, ఒక్కసారైనా లోపల నడవాలి కదా” అంది.

ఆ మాట విన్న రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. నేను పెద్దగా ఏమీ కోరుకున్నదాన్ని కాదు. చీరలు, నగలు, యాత్రలు, దేని మీదా యావ లేదు. కానీ ఆ వాకిలిలో ఒక్కసారి నడవాలని, ఏ గోడ ఎక్కడ వస్తుందో చూడకుండానే తెలిసిన ఆ కట్టడంలో నా కాళ్లతో నడవాలని ఎంత కోరిక పుట్టిందంటే, నాకే భయమేసింది. పాస్‌పోర్టు తీసుకున్నాను. కొత్త చెప్పులు కొన్నాను, రాళ్ల మీద జారనివి.

వీసా పనులు చేసిపెట్టే ఏజెంటు మా బస్టాండు దగ్గర ఉంటాడు. కుర్చీలో కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగాడు.

“మేడమ్, మీ ఆయన ఏం చేస్తాడు?”

“లేడు. పెళ్లి కాలేదు.”

“పిల్లలు...” అని నోరు జారి ఆగిపోయాడు. “అమ్మానాయనా?”

“లేరు.”

“ఇల్లు?”

“అద్దె.”

“భూమి ఏమన్నా ఉండాదా?”

“ఉంది. మా అన్న పేరు మీద.”

“ఉద్యోగం పర్మనెంటు కాదు గదా.” పెన్ను కింద పెట్టాడు. “అట్ల కాదు మేడమ్. మీరు పోయినంక మళ్లీ ఈడికే తిరిగొస్తారని వాళ్లకు నమ్మకం కుదరల్ల. మీకోసరం ఈడ ఎవరో ఒకరు, ఏదో ఒకటి ఉండాదని సూపించల్ల. మీకు అట్లాంటిది ఏమీ లేదే.”

నేను లేచి నిలబడి, నీ పని నువ్వు చెయ్యి, మిగతాది నీకెందుకు అన్నాను. అతను చేశాడు. బెంగళూరు పోయి కాగితాలిచ్చి వేలిముద్రలు వేసి వచ్చాను. ఏజెంటు చెప్పినట్టే అయింది. వీసా ఇవ్వలేదు. తిరిగొస్తాననే నమ్మకం కలగలేదని కారణం చెప్పారు. అందులో అబద్ధం ఏముంది, నా కోసం ఇక్కడ ఎదురుచూసేవాళ్లు ఎవరని నన్ను నేనే అడిగితే నేనేం చెప్పగలను? ఆ సాయంత్రం చాలా ఏడ్చాను. కింద ఓనరమ్మకు వినబడుతుందేమోనని టీవీ పెట్టుకుని ఏడ్చాను.

మేడం అయ్యో అంది. ఇంకో ఏర్పాటు చూద్దాం అంది. కానీ మట్టి కప్పే పని ఎవరికోసమూ ఆగదు.

కొన్ని రోజులు పని మానేసి పడుకున్నాను. తర్వాత పట్టుదల వచ్చింది. నాకు వచ్చే పట్టుదలలన్నీ కోపంలోంచే వస్తాయి. నన్ను అక్కడికి రానివ్వకపోతే పోయె, కొలతలన్నీ నా దగ్గరే ఉన్నాయి. పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు పోయే రోడ్డు పక్కనే మా నాయన భూమి ఉంది. దున్నేవాళ్లు లేక బీడు పడి ఉంది. అన్నకు ఫోన్ చేసి, కొన్నాళ్లు బీడు వాడుకుంటానంటే, ఏమన్నా చేసుకో అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు నేల మీద ముగ్గు పోస్తారు. మేస్త్రీ వచ్చి గూటాలు కొట్టి, పురికొస లాగి, దాని వెంబడి సున్నం పొడి పోసుకుంటూ పోతాడు. ఎక్కడ ఏ గోడ వస్తుందో నేల మీద తెల్లగా కనబడుతుంది. పునాది తవ్వేదాకా ఇంటివాళ్లు ఆ ముగ్గులోనే తిరుగుతారు. ఇది హాలు, ఇది వంటగది అని చుట్టాలకు చూపించుకుంటారు. నాకు ఆ మార్కెట్టును అట్లా ముగ్గు పోయించాలి అనిపించింది. అసలు కొలతతో, ఒక్క అడుగు కూడా తగ్గించకుండా.

దానికి తగిన మనిషి ఒక్కడే. మా ఆఫీసు ప్లాన్లన్నిటికీ ముగ్గు పోసిన పాత మేస్త్రీ, సాయిబు. పని మానేసి కుప్పంలో కూతురింట్లో ఉంటున్నాడని తెలిసి బస్సెక్కాను. పలమనేరు దాటాక బస్సులో తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోయి ఏ మాట ఎవరిదో తెలియదు. కుప్పం దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన గ్రానైటు పలకలు నిలబెట్టి ఉన్నాయి, నున్నగా, అన్నీ ఒకే కొలతలో. ఎన్నేళ్ల నుంచో వంకర రాళ్లనే చూస్తున్న కంటికి అవి రాళ్లలాగే అనిపించలేదు.

మేస్త్రీ గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి లేవబోతే మోకాళ్లు సహకరించలేదు.

“కూర్చోండి, కూర్చోండి. ఒక ముగ్గు పొయ్యాలి” అన్నాను.

“ఎవురి ఇల్లమ్మా?”

“ఇల్లు కాదు. అంగళ్లు.”

“కాంప్లెక్సా? మంచిదే. ఎప్పుడు మొదలుపెడతాండారు?”

“కట్టేది లేదు. ముగ్గు మాత్రమే.”

ల్యాప్‌టాపు తెరిచి ప్లాను చూపించాను. ఎక్కడిదో, ఏమిటో, నన్ను ఎందుకు రానివ్వలేదో అంతా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. అమ్మ పోయాక నేను చెప్పేది ఒక మనిషి అంతసేపు కూర్చుని వినడం అదే మొదటిసారి.

“వస్తా పదమ్మా. ఈడ నాకు ఏం పని? తినేది, కూసునేది” అన్నాడు.

సీతాఫలాల కాలం. తుఫాను వానలు ఇంకా మొదలు కాలేదు. ఇద్దరు కూలీలు ముందురోజే బీట్లో కంప కొట్టి చదును చేశారు. పొద్దున్నే సున్నం బస్తాలు దింపుకున్నాం. మేస్త్రీకి గట్టు మీద కుర్చీ వేశాను. ఆయన కుర్చీలోంచి చెబుతుంటే కూలీలు గూటాలు కొట్టారు, పురికొస లాగారు. నేను టేపు పట్టుకున్నాను. మధ్యాహ్నానికి వాకిలి, వసారా, ఒక వరస అంగళ్లు వచ్చాయి. గుండ్రటి మంటపానికి మధ్యలో గూటం కొట్టి దానికి తాడు కట్టి తిప్పారు. తెల్లటి వలయం నేల మీద పడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఫోటోల్లో నేను పగిలిన ముక్కలుగా గీసిన దాన్ని నిండుగా చూడడం అప్పుడే.

భోజనం అయ్యాక గట్టెక్కి చూస్తే ఏదో తేడా. పెద్ద వాకిలి ద్వారం ఉండాల్సిన చోట గోడ మూసేసి ఉంది. దానికి ఎదురు మూల, ఈశాన్యంలో, ఖాళీ వదిలి ఉంది.

“మేస్త్రీ, ద్వారం అక్కడ కాదు గదా.”

“నైరుతిలో ద్వారమా?” అన్నాడు, నేను మరిచిపోయి గీశానన్నట్టు. “తప్పు పడిందనుకొని మార్పించినా. ఈశాన్యానికి తెచ్చినా.”

“తప్పు పడలేదు. రేవు అటువైపుంది. వాళ్లు అక్కడే పెట్టుకున్నారు.”

“మరి ఈశాన్యంలో ఈ పొడుగు గది ఏంది?”

చెప్పక తప్పలేదు. “మరుగుదొడ్డి. రాతి అరుగు మీద వరసగా రంధ్రాలుంటాయి. అందరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు.”

మేస్త్రీ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “నైరుతిలో ద్వారం, ఈశాన్యంలో దొడ్డి. ఇంక మన్నైపోకుండా ఎట్లుంటాదమ్మా? మీ మేడం ఇన్నేళ్లు తవ్వేదానికి బదులు నన్నడిగి ఉంటే సరిపోయేది.”

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. మీకు ఈ వాస్తు మీద నమ్మకం ఎందుకు అంటే, “నాకు ఉంటే ఏం, లేకుంటే ఏం. కట్టించుకునేవాళ్లకు ఉండాది గదా. నా చేత్తో పోసిన ముగ్గులో నైరుతి ద్వారం పెట్టింది లేదు. ఈ వయసులో పెట్టను” అన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను. ఆయన కుర్చీని అటువైపు తిప్పుకుని కూర్చున్నాడు. కూలీలు కూడా చేతులు కట్టుకున్నారు. ఆఖరికి నేనే చీపురు తెచ్చి ఆ మూల సున్నం చెరిపి, ద్వారం చోటు తెరిచి, గడప గీత నా చేత్తోనే పోశాను. అలవాటు లేక వంకరగా వచ్చింది. ఆ తర్వాతే కూలీలు లేచి మిగతా వరసలు పోశారు.

ఈ కబురు ఎవరికైనా చెప్పాలని చాలా అనిపించింది. మేడంకు రాద్దామని ఫోన్ తీశాను. నైరుతి అంటే ఏమిటో, ఈశాన్యానికి ఏమిటంత గొప్పో రాసుకుంటూ పోయేసరికి నవ్వు ఇగిరిపోయింది. రాసిందంతా చెరిపేశాను. అమ్మకైతే ఒక్క ముక్క చెబితే చాలు, కడుపు పట్టుకుని నవ్వేది.

అప్పటికే రోడ్డు మీద బండ్లు ఆగుతున్నాయి. బీట్లో తెల్లటి ముగ్గు, అదీ వరసగా అంగళ్లంత గదులు. రోడ్డు పక్క స్థలం. ఎవరికైనా ఏమనిపిస్తుంది? టీ అంగడి పెట్టుకోవాలని చూస్తున్న మొగుడూ పెళ్లాం వచ్చారు. పంక్చర్లు వేసే అతను వచ్చాడు. పుంగనూరు నుంచి మాంసం అంగడాయన స్కూటర్ మీద వచ్చి లోపలంతా తిరిగి అడిగాడు, “ఈ వరసకు నీళ్లు పొయ్యేదానికి కాలవ ఉండాదా?”

“ఉంది” అన్నాను. ఉంది మరి. మూల గది ముందు నుంచి రాతి మూత వేసిన కాలువ రేవు దాకా పోతుంది. ఎక్కడుందో చూపించాను.

“అట్లయితే ఇది నాకు రాసుకోండి” అని ఎముకలు దొరికిన గది మధ్యలో నిలబడ్డాడు. నేను మాంసం కొట్టేవాణ్ని కూర్చోబెట్టుకున్న గదే అది.

ఇది కట్టడం లేదని చెప్పాను. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. బాడుగ పెంచేదానికి బెట్టు చేస్తున్నానని అనుకున్నారు. ముగ్గు పోసి ఎవరన్నా ఊరుకుంటారా అని పంక్చరతను మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ నా వైపు చూసి, “ఆయమ్మకు తెలుసు” అన్నాడు. ఇది రెండు వేల ఏళ్ల కిందటి అంగళ్ల నమూనా అని టీ అంగడామెకు విడమరిచి చెబితే, “పాత మోడలా? అట్లే కట్టండి, పర్వాలేదు” అంది.

చివరగా ఒకామె మేకలు తోలుకుంటూ వచ్చింది. నా వయసే ఉంటుంది, ఎండిన మనిషి. ఆ రోడ్డు మీదే చెట్ల కింద సీతాఫలాలు పెట్టుకుని అమ్ముతూ ఉంటుందట. ఏమీ అడగలేదు. మేకలు గీతలు తొక్కకుండా కర్రతో అదిలిస్తూ, రోడ్డు వైపు చివరి గది దగ్గరికి పోయి, లోపల నిలబడి చూసుకుంది. “ఇది మూలది. నాకు సరిపోతాది” అని తనలో తానే అనుకుంది.

పొద్దు వాలేలోపు అందరూ పోయారు. మేస్త్రీని కుప్పం బస్సెక్కించాను. నేను అనుకున్నది ఆ ఘడియ కోసమే కదా. కొత్త చెప్పులు వేసుకుని, నేను పోసుకున్న ద్వారంలోంచి లోపలికి అడుగు పెట్టాను.

అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. ఎడమకు తిరిగితే నూనె ముసలాయన అంగడి, అక్కడే ఉంది. వసారా వెంబడి నడిస్తే స్తంభాల గుర్తులు ఒక్కొక్కటే వస్తున్నాయి. మంటపం చుట్టూ తిరిగాను. గోడలు దాటకుండా గడపల్లోంచే పోయాను, గదిలోకి వెళ్లి మళ్లీ గడపలోంచే బయటికి వచ్చాను. ఆనందం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇన్నేళ్లు నా తలలో పోట్లాడుకున్నవాళ్లలో ఒక్కరు కూడా రాలేదు. సున్నం గీతల మధ్య గట్టిపడిన మట్టి, దూరంగా రోడ్డు. నడిచి నడిచి వాకిలి మధ్యలో నిలబడ్డాను. మదనపల్లె గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటి కన్నా ఇక్కడ ఇంకా ఒంటరిగా ఉంది. ఆ రేవు ఊరికి పోతే అంతా బాగుంటుందని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. వీసా వచ్చి, విమానం ఎక్కి, ఆ రాళ్ల మధ్యకు పోయినా ఇంతేనేమో అనిపించింది.

అప్పుడే మేడం ఫోటో పంపింది. చదునుగా ఎర్రమట్టి, దాని మీద ట్రాక్టరు చక్రాల గుర్తులు. పని ముగిసింది, నీకు మా కృతజ్ఞతలు అని రాసింది. బాగుంది అని జవాబిచ్చి ఆఖరు బస్సులో మదనపల్లె వచ్చేశాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఎందుకో చెప్పలేను. వాన మబ్బు పట్టింది, ముగ్గు పోయేలోపు ఫోటోలన్నా తీసుకుందామని నాకు నేను చెప్పుకున్నాను. బస్సు దిగేసరికి రోడ్డు వైపు చివరి అంగట్లో గోనెపట్ట పరిచి ఉంది. దాని మీద సీతాఫలాలు కుప్పలు పోసి, వెనక మేకలామె కూర్చుని ఉంది. సరిగ్గా గీతల లోపల. తట్ట కూడా గీత దాటలేదు.

“ఇది కట్టేది లేదని నిన్ననే అందరికీ చెప్పినా గదమ్మా” అన్నాను.

“కట్టినప్పుడు కట్టుదువు లే. చెట్టు కింద కన్నా ఈడ బాగుండాది. ఇది నాదని తెలస్తాండాది.” పండొకటి తీసి నొక్కి చూసి పక్కన పెట్టింది. “మాంసమాయనకు ఆ మూల సూపించినావంటనే. టీ అంగడోళ్లకు ఎదురుదంట. నీది యాది?”

“నాదేది అంటే?”

“నీ అంగడి. నీకొకటి పెట్టుకోని ఉంటావు గదా.”

జవాబు కోసం వెనక్కి తిరిగి ఆ గదులన్నీ చూశాను. ఇన్నేళ్లలో ప్రతి గదికీ ఒక మనిషిని కల్పించాను, వాళ్లకు నోళ్లిచ్చాను, తగాదాలిచ్చాను. ఒక్క గదిలో కూడా నన్ను కూర్చోబెట్టుకోలేదు. ఆ ఆలోచనే రాలేదు.

“నాకు లేదమ్మా” అన్నాను.

“అదేంది! ఇంతమందికి వేసి నీకు ల్యాకుండా ఎట్లా?” ఆమె అటూ ఇటూ చూసింది. “నా పక్కది ఎవురూ అడగలేదు. అది తీసుకో. నాక్కూడా మాటలకు తోడు ఉంటావు.”

గోనెపట్ట ఒకటి మడిచి నా వైపు విసిరింది. గీత మీది నుంచి కాకుండా గడప ఉన్న చోటు నుంచి లోపలికి పోయి పరుచుకుని కూర్చున్నాను. ఆమె మేకలు వానకు యాడికి పోతాయో చెప్పింది. కోడలితో పడదని చెప్పింది. నేను మేస్త్రీ, నైరుతి ద్వారం సంగతి చెప్పాను. విడమరచనక్కర్లేకపోయింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఒళ్లు ఊగిపోయేలా నవ్వింది.

చినుకులు మొదలయ్యాయి. స్కూటీ మీద పోతున్నావిడ ఆపి, నా వైపు చూసి, సీతాఫలాలు ఎంత అని అడిగింది.

“నావి కావు, పక్కంగడివి” అన్నాను.